మిద్దె మీది పండగలు

మా మిద్దె మీదికి బెంగాలీ వాళ్ళు అద్దెకు వచ్చిన ఏడాదే నాకు కుళ్ళు పట్టుకుంది. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. జమ్మలమడుగు హైస్కూల్లో పిల్లలకు తెలుగు చెబుతాను కాబట్టి అసూయ, ఈర్ష్య, మాత్సర్యం అని మర్యాదగా చాలా మాటలు తెలుసు నాకు. వాటిల్లో ఒక్కటీ నా కడుపులో ఉన్నదానికి సరిపోదు. అది కుళ్ళే.

మేముండే ప్రొద్దుటూరుకు బెంగాలీ వాళ్ళు కొత్త కాదు. బంగారు అంగళ్ళకు నగలు చేసిచ్చే పనివాళ్ళు చాలామంది అటునుంచి వచ్చినవాళ్ళే. సందుల్లో చిన్న గదుల్లో వరసగా కూర్చుని, తల వంచుకుని పని చేసుకుంటూ ఉంటారు. మా మిద్దె మీదికి వచ్చినాయన కూడా ఆ పనివాడే. పొద్దున పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు వస్తాడు, నోట్లో నుంచి మాట రాదు. ఆయనతో నాకు ఏ పేచీ లేదు. నా పేచీ అంతా ఆయన భార్యతో.

ఆమె వచ్చిన కొత్తల్లోనే, మా ఊళ్ళో ఉగాది అయిపోయి వేపపువ్వు కూడా రాలిపోయాక, ఒకరోజు ఎర్ర అంచు తెల్ల చీర కట్టుకుని, గిన్నెలో మిఠాయి పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"అక్కా, ఈ పొద్దు మాకు కొత్త సంవత్సరం. నోరు తీపి చేసుకో" అంది.

తెలుగు ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. "కూరగాయల అంగట్లో" అంది నవ్వుతూ. ఆ మిఠాయి పాలవిరుగుడుతో చేసింది. నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది. అంత బాగుండడం నాకు నచ్చలేదు.

తర్వాత తెలిసింది, అది మొదలు మాత్రమేనని. ఎండలు మండుతున్నప్పుడు అల్లుళ్ళకు ఒక పండగ. వానలు మొదలవుతుంటే రథం పండగ. పనిముట్లకు ఒక పండగ, దుర్గమ్మకు కొన్ని రోజులు, వెంటనే లక్ష్మికి, ఆ వెంటనే కాళికి, చలి ముదిరాక పిండివంటలకు, ఆ తర్వాత సరస్వతికి, ఎండ తిరగ్గానే రంగులకు. వీటి మధ్యలో ఇంకా చిన్నవి ఏవో ఉంటాయి, వాటి పేర్లకు నాకు నోరు తిరగదు. మిద్దె మీద శంఖం ఊదడం, నాలుక ఆడిస్తూ ఆడవాళ్ళు తీసే ఆ ఉలూలూ అనే కేక, నేతిలో ఏదో వేగుతున్న వాసన. కింద నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేదాన్ని.

మేము క్రైస్తవులం. మా ముత్తాతల కాలంలో జమ్మలమడుగు మిషన్ దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. మాకు క్రిస్మస్ ఉంది, ఈస్టర్ ఉంది, చర్చిలో కోతల పండగ ఉంది. వాటి మధ్య నెలలకు నెలలు మామూలు దినాలే. ఆమె రాకముందు ఆ మామూలు దినాలు నాకు తక్కువగా కనిపించలేదు.

పండగలు ఎన్నైనా చేసుకోనీ, నాకేం పోయింది అని ఊరుకునేదాన్నే. నా తమ్ముడు లేకపోతే.

మా అమ్మ పోయేనాటికి వాడు గోడ పట్టుకుని నిలబడడం నేర్చుకుంటున్నాడు. నేను హైస్కూల్లో చదువుతున్నాను. మా నాన్న ఆసుపత్రిలో వార్డు పని చేసేవాడు. అమ్మ పోయాక ఆయన మాట్లాడడం తగ్గించేశాడు, కొన్నేళ్ళకు ఆయన కూడా పోయాడు. వాణ్ణి చంకలో వేసుకుని చదువుకున్నాను, వాణ్ణి పక్కలో పెట్టుకుని ట్రైనింగ్ చేశాను. నాకు సంబంధాలు వచ్చినప్పుడల్లా వాడికి పరీక్షలు వచ్చేవి. వాడి పరీక్షలు అయిపోయేసరికి నాకు సంబంధాలు రావడం ఆగిపోయింది. అందుకు నేను ఏడవలేదు. నాకు వాడున్నాడు అనుకున్నాను.

ఇప్పుడు వాడు తుమ్మలపల్లె గనిలో ఎలక్ట్రీషియన్. పులివెందులలో గది తీసుకుని ఉంటాడు. ఆదివారం వస్తే బండి మీద ముద్దనూరు, ఎర్రగుంట్ల దాటుకుని ఇంటికి వస్తాడు. నేను చర్చి నుంచి వచ్చేసరికి వాడు వరండాలో బూట్లు విప్పుకుంటూ ఉండాలి. రాగిసంగటి, కోడికూర, చెనిక్కాయల పొడి, మధ్యాహ్నం వాడి నిద్ర, సాయంత్రం టీ. మిగతా దినాలన్నీ నేను ఆ ఒక్క పూట కోసమే బస్సు ఎక్కి జమ్మలమడుగు పోయి వచ్చేదాన్ని. వాడి ఆదివారం నాది. అందులో వాటా అడిగే హక్కు ఎవరికీ లేదనుకున్నాను.

రథం పండగ నాడు మొదటి వాటా పోయింది. ఆమె కూతురికి అట్టపెట్టెతో చిన్న రథం చేసిచ్చారు. వీధిలో లాగుతుంటే చక్రం ఊడిపోయింది. పిల్ల రాగం తీసింది. నా తమ్ముడు సంగటి తింటున్నవాడు చెయ్యి కడుక్కుని లేచాడు. చక్రం బిగించి ఊరుకున్నాడా? లేదు. వైరు తెచ్చాడు, చిన్న బల్బులు తెచ్చాడు, రథానికి లైట్లు పెట్టాడు. వీధి పిల్లలంతా వెంటపడి లాగారు. ఆమె పైనుంచి అప్పడాలు, జిలేబీలు పంచింది. వాడు పళ్ళెంలో వదిలేసిన సంగటి ముద్ద అట్లాగే గట్టిపడిపోయింది.

"ఏరా, కూడు చల్లారిపోతాంది" అని కేకేశాను.

"వస్తాండాలేక్కా. దీదీ జిలేబీ ఇచ్చింది" అన్నాడు.

దీదీ అంటే వాళ్ళ భాషలో అక్క. నాకు హిందీ కొంచెం వచ్చు, ఆమాత్రం తెలియకపోదు. ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్చాడో, వాడి నోటి నుంచి ఆ మాట ఎన్నాళ్ళో అలవాటైనట్టు వచ్చేసింది. నేను మాత్రం ఆమెను ఈనాటి వరకూ 'ఆమె' అనే అంటున్నాను.

ఆ తర్వాత వాడు ఆదివారం వచ్చీరాగానే బూట్లు విప్పేవాడు, "పైన ఒకసారి చూసొస్తాక్కా" అని మెట్లెక్కేవాడు. అక్కడ వాళ్ళ మాటలు నాకు కిందికి వినిపించేవి. ఇద్దరూ కొట్లాడుకునేవాళ్ళు. నిజంగానే కొట్లాడుకునేవాళ్ళు. చేపలో ముల్లు తీయడం రాదని ఆమె వాణ్ణి ఎగతాళి చేసేది. ఆమె తెలుగును వాడు వెక్కిరించేవాడు. "పో, నీకు ఈ పొద్దు కూర లేదు" అని ఆమె అరిస్తే, వాడు "నీ కూర ఎవురికి కావాల, ఉప్పే ల్యా" అనేవాడు. నా దగ్గర వాడు ఎప్పుడూ కూరకు వంక పెట్టలేదు. పెట్టింది తిని, బాగుందక్కా అని లేచిపోతాడు. నేను దాన్ని గౌరవం అనుకుని మురిసిపోయేదాన్ని.

పనిముట్లకు పూజ చేసే రోజు ఒకటి ఉంది వాళ్ళకు. ఆ రోజు బంగారు పనివాళ్ళు ఎవరూ పని ముట్టరు. సుత్తులూ పట్టకార్లూ కడిగి దేవుడి ముందు పెట్టి పూలు వేస్తారు. ఆ సాయంత్రం మిద్దె మీదికి పోయి చూస్తే వాటి మధ్యలో నా తమ్ముడి టెస్టరు, కటింగ్ ప్లేయరు ఉన్నాయి. వాడికి ఉద్యోగం వచ్చినప్పుడు నేను కొనిచ్చినవి అవి. ప్రార్థన చేసి వాడి చేతికి ఇచ్చాను. ఇప్పుడు వాటి మీద బంతిపూలు ఉన్నాయి. దేవుడి విషయం దేవుడు చూసుకుంటాడు, నా మంట అది కాదు. వాటిని దేవుడి ముందు పెట్టాలని ఆమెకు తోచింది, నాకు తోచలేదు. అదీ నా మంట.

దసరాకు కొంచెం ముందు మా అమ్మ జ్ఞాపకార్థం ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటాం. పాస్టరు అయ్యగారు వస్తారు, చర్చి ఆడవాళ్ళు వస్తారు, పాటలు పాడి, వాక్యం చదివి, అందరికీ టిఫిన్ పెట్టి పంపిస్తాం. ఆ ఏడాది వాడు రాలేదు. "డ్యూటీ మారలేదక్కా, ఏం చేయమంటావ్" అన్నాడు ఫోన్లో. సరేలే నాయనా అన్నాను. గని పని అట్లాంటిది.

దుర్గమ్మ పూజకు మాత్రం డ్యూటీ మారింది. మా ఊరి దసరా అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి చూసేంత పెద్దది. వీధులన్నీ లైట్లే. ఆ సందడి మధ్యలో బెంగాలీ వాళ్ళు ఒక కల్యాణమండపం మాట్లాడుకుని తమ దుర్గమ్మను తాము పెట్టుకుంటారు. గడ్డి కట్టి, మట్టి మెత్తి బొమ్మ చేసేవాణ్ణి వాళ్ళ ఊరినుంచే పిలిపిస్తారు. అక్కడ లైట్లన్నీ నా తమ్ముడే కట్టాడు. నిచ్చెన మీద వాడు, కింద నిచ్చెన పట్టుకుని ఆమె. "పడి చస్తావు, దిగు" అని ఆమె తిడుతోంది, వాడు కావాలని ఇంకో మెట్టు ఎక్కుతున్నాడు. నన్ను కూడా పిలిస్తే పోయాను. డప్పులాంటి పెద్ద వాయిద్యం ఒకటి గుండెల్లో కొట్టినట్టు మోగుతోంది. అందరినీ కూర్చోబెట్టి కిచిడీ పెట్టారు. ఆమె నా పక్కనే కూర్చుని, నా విస్తట్లో వంకాయ వేపుడు వేస్తూ, "నీ తమ్ముడు లేకుంటే ఈ పొద్దు మాకు చీకటే అక్కా" అంది. మెచ్చుకోలుగానే అంది. నా తమ్ముణ్ణి నాకే మెచ్చి చెబుతోంది అని నాకు ఒళ్ళు మండింది.

చివరిరోజు పెండ్లయిన ఆడవాళ్ళంతా ఒకరి చెంపలకు ఒకరు కుంకుమ పూసుకుని నవ్వుకుంటారు. తర్వాత బొమ్మను లారీలో పెట్టుకుని పెన్నకు తీసుకుపోతారు. నేను ఆ లోపే ఇంటికి వచ్చేశాను. పెండ్లి కానిదాన్ని, బొట్టు పెట్టనిదాన్ని, అక్కడ నాకేం పని.

కొన్ని రోజులకే లక్ష్మి పూజ. బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, గేటు దగ్గర నుంచి మిద్దె మీదికి చిన్న చిన్న పాదాలు వేసింది ఆమె. లక్ష్మి నడిచి వస్తుందని. మా ఇంట్లో లక్ష్మిని ఎవరూ పిలవరు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ బడి నుంచి వచ్చి గేటు తీసేసరికి, ఆ తెల్లటి పాదాలు నా గుమ్మం పక్కనుంచే పోయి, నా వైపు ఒక్కటి కూడా తిరగకుండా మెట్లెక్కిపోయాయి. మనసు ఎంత చిన్నదో చూడండి, నాకు ఏడుపొచ్చింది.

కాళి పూజ, దీపావళి కలిసి వచ్చి వెళ్ళాయి. అయిపోయాయి, ఇంక కొన్నాళ్ళు పీడ వదిలింది అనుకున్నాను. ఆ వెంటనే ఇంకొకటి ఉందని ఎవరూ చెప్పలేదు నాకు.

ఆ రోజు నాకు సెలవు. పొద్దున్నే ఉగ్గాని చేసుకుని, మిరపకాయ బజ్జీలు అంగట్లోంచి తెప్పించుకుని తృప్తిగా తిన్నాను. పేపరు చదువుతున్నాను. వీధిలో బండి చప్పుడు వినబడింది. వాడి బండి చప్పుడు నాకు ఎంత రద్దీలోనైనా తెలుస్తుంది. ఆదివారం కాదు, అయినా వచ్చాడు. అమ్మ ప్రార్థనకు రాలేకపోయానని మనసు పీకి ఉంటుంది, అందుకే సెలవు పెట్టుకుని వచ్చాడు పిచ్చోడు అనుకున్నాను. గబగబా లేచి బియ్యం కడిగి స్టవ్ మీద పెట్టాను. ఫ్రిజ్‌లోంచి కోడి తీశాను. చీర కొంగుతో మొహం తుడుచుకుని వాకిలి వైపు తిరిగాను.

అడుగులు నా వాకిలి దాటి మెట్లెక్కిపోయాయి.

స్టవ్ ఆపేసి పైకి పోయాను. ఏం అనాలనుకున్నానో గుర్తు లేదు, ఏదో పెద్దగానే అనాలనుకున్నాను. వాకిట్లోనే ఆగిపోయాను. వాడు నేల మీద చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆమె ఎదురుగా తడి జుట్టుతో కూర్చుని ఉంది. పళ్ళెంలో దీపం, గంధం, గరిక, వడ్లు, మిఠాయిలు. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"రాక్కా, రా. మంచి టయానికి వచ్చినావు" అంది. అక్కాచెల్లెళ్ళు తోడబుట్టినవాడి నుదుట గంధం పెట్టే పండగట అది. పెడుతూ, వాడి దగ్గరికి చావు రాకుండా దారికి ముల్లు వేస్తున్నానని అనుకుంటారట. పెట్టేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరట. వాడు గనిలో దిగి పని చేసేవాడు. వాడికి చావు రాకుండా నేను రోజూ మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తున్నాను. ఇంకొకరు కూడా ఆ పని చేస్తున్నారని, పైగా ఆకలితో చేస్తున్నారని, నాకు అప్పుడే తెలిసింది.

"నీకు సొంత తమ్ముడు ల్యాడా?" అని అడిగాను. మెత్తగా అడగలేదు.

"ఉండాడక్కా, మా ఊర్లో. నేను పోయి శానా దినాలైంది. వాని పేరున గోడకు పెట్టినా" అని గోడ చూపించింది. సున్నం మీద గంధం బొట్టు ఇంకా తడిగా ఉంది. గోడకు పెట్టుకుని ఊరుకోవచ్చు కదా, నా తమ్ముడెందుకు నీకు, అనుకున్నాను. అది నోటి చివరిదాకా వచ్చింది.

ఆమె లేచి పళ్ళెం నా చేతికి ఇవ్వబోయింది. "నువ్వు పెద్దక్కవి. ముందు నువ్వు పెట్టాల" అంది. మాకు బొట్టు లేదు. చిన్నప్పుడు వాడు బడిలో ఎవరి దగ్గరో పెట్టించుకుని వస్తే, తడిగుడ్డతో తుడిచినదాన్ని నేనే. అయినా ఆ క్షణంలో పళ్ళెం తీసుకునేదాన్నే. చేతులు చాపాను కూడా.

"ఏమీ తినలేదు గదా అక్కా?" అని అడిగింది.

అబద్ధం ఆడి ఉండొచ్చు. దేవుడి సంగతిలో అబద్ధం రాదు నాకు. "ఉగ్గాని తిన్నా" అన్నాను.

"అయ్యో. తింటే పెట్టగూడదక్కా" అని పళ్ళెం వెనక్కి తీసుకుంది. ఆమె మొహంలో నిజంగానే బాధ ఉంది. వాడి మొహంలో మాత్రం హమ్మయ్య అన్నట్టు ఏదో కదిలింది. బొట్టు విషయంలో నాకు ఇబ్బంది తప్పిందని కాబోలు అనుకున్నాను. ఆమె ఎడమచేతి చిటికెన వేలు గంధంలో ముంచి, తన భాషలో ఏదో చెబుతూ వాడి నుదుట పెట్టింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ పెట్టింది. గరిక, వడ్లు తల మీద వేసింది. వాడు మిఠాయి ఆమె నోట్లో పెట్టాక గానీ ఆమె నీళ్ళు తాగలేదు. నేను గుమ్మం పట్టుకుని నిలబడి చూశాను. నా కడుపులో ఉగ్గాని రాయిలా కూర్చుంది.

క్రిస్మస్‌కు చూపిస్తాను అనుకున్నాను. అది నా పండగ. నక్షత్రం కట్టాను, కజ్జికాయలు, చెక్కలు, అరిసెలు చేశాను, బిర్యానీ వండాను. వాడు రెండు రోజులు సెలవు పెట్టుకుని వచ్చాడు. మిద్దె మీదివాళ్ళను నేనే మర్యాదగా భోజనానికి పిలిచాను, ఈసారి వాళ్ళు చుట్టాలుగా వచ్చి నా పండగ చూడాలని. ఆమె చేతిలో కేకు పట్టుకుని వచ్చింది. "ఇది మాకు గూడా పెద్ద పండగే అక్కా. మా ఊర్లో వీధులన్నీ లైట్లు పెడ్తారు, ఇంటింటికీ కేకు తింటారు" అంది. చిన్నప్పుడు తన తమ్ముడితో కలిసి లైట్లు చూడ్డానికి పోయిన సంగతులు చెప్పింది. నా తమ్ముడు నోరు తెరుచుకుని విన్నాడు. నా కజ్జికాయలు పళ్ళెంలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఏడాదంతా పండగలున్నది చాలక నా ఒక్కదాన్ని కూడా పట్టుకుపోయింది చూడు అని కడుపు రగిలిపోయింది.

సంక్రాంతి దాటాక మార్కెట్‌లో మంచి రేగిపండ్లు వచ్చాయి. వాడికి రేగిపండ్లంటే ప్రాణం. చిన్నప్పుడు జేబుల్లో పోసుకుని గింజలు ఇల్లంతా ఉమ్మేవాడు. గిన్నెడు కడిగి ముందు పెట్టాను.

"ఇప్పుడొద్దక్కా. సరస్వతి పూజ కాకముందు తినగూడదంట. దీదీ చెప్పింది" అన్నాడు.

"నీకూ సరస్వతికీ ఏందిరా సంబంధం? ఇంటర్లో లెక్కలు తప్పినోనివి నువ్వు" అన్నాను. వాడు నవ్వాడే గానీ ఒక్క పండు ముట్టలేదు. వాడి ఎదురుగా కూర్చుని గిన్నె మొత్తం నేనే తిన్నాను. పులుపుకు పళ్ళు జివ్వుమన్నా ఆపలేదు.

అప్పుడే నిర్ణయం చేసుకున్నాను. మళ్ళీ ఆ గంధం పండగ రానీ అనుకున్నాను. ఉపవాసం ఆమె ఒక్కదాని సొత్తా? మేము ఈస్టర్‌కు ముందు శ్రమకాలంలో ఉపవాసాలు ఉండమా? వాడికి కామెర్లు వచ్చినప్పుడు నేను అన్నం ముట్టకుండా ప్రార్థన చేయలేదా? ఆమె కొత్త సంవత్సరం మళ్ళీ వచ్చింది, రథం వచ్చింది, దుర్గమ్మ వచ్చి పెన్నలో కలిసింది. వాడు మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. నేను కింద కూర్చుని ఆ ఒక్క రోజు కోసం చూశాను. వాడి నుదుట మొదటి బొట్టు నాది కావాలి. చర్చిలో ఎవరైనా అడిగితే చెప్పుకునే నోరు నాకుంది.

ఆ రోజు రానే వచ్చింది. బడికి సెలవు పెట్టాను. తలస్నానం చేసి, పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకున్నాను. పొద్దున టీ కూడా తాగలేదు. ఎండ ఎక్కేకొద్దీ తల తిరుగుతోంది, పైనుంచి నేతి వాసన వస్తోంది. అయినా నాకు సంతోషంగా ఉంది. చాన్నాళ్ళ తర్వాత కుళ్ళు లేకుండా ఉంది కడుపు. బైబిల్ తీసుకుని వాడి కోసం ప్రార్థన చేసుకున్నాను.

బండి చప్పుడైంది. "అక్కా, పైకి పోతాండా" అని వాకిట్లోంచే కేకేసి మెట్లెక్కాడు. నేను వెనకే పోయాను.

వాడు చాప మీద కూర్చున్నాడు. "నేను పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అన్నాను గుమ్మంలోనే, ఎవరూ అడగకముందే. ఆమె మొహం వెలిగిపోయింది. లేచి తన చోటు నాకు ఇచ్చి, పళ్ళెం నా ముందు పెట్టింది. "ఎడం చెయ్యి అక్కా, చిటికెన వేలు" అంది. వేలు గంధంలో ముంచాను. చల్లగా ఉంది. వాడి నుదుటి దాకా తీసుకుపోయాను.

వాడు తల వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వొద్దులేక్కా" అన్నాడు.

"ఏం రా? చర్చివాళ్ళు ఏమన్నా అంటారనా? వాళ్ళకు నేను చెప్పుకుంటాలే."

"అది గాదు."

"మరేంది?"

వాడు ఆమె వైపు చూశాడు, చాప వైపు చూశాడు. చెవులు ఎర్రగా అయ్యాయి. "ఇది అక్కాచెల్లెండ్లు పెట్టేది" అన్నాడు.

"నేనెవురు మరి?"

"నువ్వు అమ్మవి గదా." ఆ మాట చాలా మామూలుగా, అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు అన్నాడు. "అక్కా అని నోటితో పిలుస్తాండా అంతే. నాకు బుద్ధి తెలిసినప్పుట్నుంచి నువ్వు అమ్మవే. నీ దగ్గర నాకు భయం. నీతో యానాడైనా కొట్లాడినానా? నీ కూర బాగలేదని అన్నానా? అక్క అంటే ఎట్లుంటాదో నాకు ఈడికి వచ్చినాకనే తెలిసె."

నేను ఆమె వైపు చూశాను. కాదని చెబుతుందేమోనని చూశాను. ఆమె తల దించుకుని, "అవునక్కా, ఇది అమ్మ పెట్టేది గాదు" అంది చిన్నగా.

ఈ సంగతి విన్న మా బడి టీచర్లు, నీ తమ్ముడు బంగారం, ఎంత మాట అన్నాడు, నువ్వు అదృష్టవంతురాలివి అంటారు. కావచ్చు. ఆ మాటకు నేను కరిగిపోయి ఏడ్చి ఉండాలి. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అమ్మనయ్యే వయసు కాదు నాది అప్పుడు. వాణ్ణి ఎత్తుకున్నప్పుడు నా రెండు జడలు పట్టుకుని వేలాడేవాడు. పక్కింటి పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే వాణ్ణి చంకన వేసుకుని చూస్తూ నిలబడ్డాను. వాడితో ఆడాలని, కొట్లాడాలని, వాడి చేత తిట్టించుకోవాలని నాకు మాత్రం ఉండదా? వాడికి అన్నం పెట్టాలి, స్నానం చేయించాలి, ఫీజు కట్టాలి. వాటి మధ్యలో అక్కగా ఉండే తీరిక నాకు ఎవరిచ్చారు?

ఇవన్నీ పైకి అనలేదు. లేచి పక్కకు జరిగాను. నా వేలి గంధం ఇంకా ఆరలేదు. ఆమె కూర్చుని తన వేలు ముంచింది. వాడు ఈసారి తల వెనక్కి తీసుకోలేదు, ముందుకు వంచాడు. ఆమె ఏదో అంటే వాడు పక్కున నవ్వాడు. "నవ్వితే బొట్టు వంకర పోతాది, గమ్మునుండు" అని ఆమె వాడి చెవి మెలిపెట్టింది.

నేను వాణ్ణి ఎన్నోసార్లు కొట్టాను, చదవలేదని, చెప్పిన మాట వినలేదని. ఆడుకుంటూ చెవి మెలిపెట్టిన గుర్తు ఒక్కటీ లేదు.